గోమారి డీఎన్ఏ తేలింది. చుక్కి తప్పు లేదని తేలినట్టేనా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కాలనీ వివరాలు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. ఇంట్లో భర్త, అత్తగారు, చుక్కి. చుక్కి ఊరకుక్క. రెండేళ్ల కిందట వానలో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వణుకుతూ కనిపిస్తే ఇంటికి తెచ్చుకున్నారు. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి దాని చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు, అంటే పిడుదులు, పడుతున్నాయి. ఏరి పారేసినా, మందు షాంపూతో స్నానం చేయించినా వారం తిరక్కుండా మళ్లీ వస్తున్నాయి. ఒకరోజు హాల్లో క్యాలెండర్ తీసి చూస్తే, గోడ మీద ఆవగింజకన్నా చిన్న పురుగులు బారుగా పైకి పాకుతున్నాయట.

ఇంతలో ఎదురు ఫ్లాట్‌లో లాబ్రడార్‌కి జబ్బు చేసింది. జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం. గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరమన్నారు డాక్టరు. కుక్క బతికింది గానీ చాలా డబ్బు ఖర్చయింది. దాని యజమాని రిటైరైన పెద్దాయన. ఈవిడ ఆయన్ని అంకుల్ అని పిలుస్తారు. మొన్న మొన్నటి దాకా కొత్తావకాయ కలిపితే ముందు వాళ్లింటికే వెళ్లేది. అలాంటాయన అసోసియేషన్ మీటింగ్‌లో లేచి, 'వీధికుక్కని తెచ్చి బిల్డింగంతా అంటించారు. కుక్కనన్నా పంపించెయ్యండి, మా వైద్యం ఖర్చన్నా కట్టండి' అన్నారు. భర్త నోరు మెదపలేదు. అత్తగారేమో నూజివీడు దగ్గరున్న తమ మామిడితోటకి చుక్కిని పంపేద్దామంటున్నారు. ఈవిడకి ఇప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇంట్లో పిడుదులేమిటని ఆ పెద్దావిడ భయం.

పాఠకురాలి చిన్నాన్న కూతురు హైదరాబాద్‌లో జీవశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. చుక్కి ఒంటి మీద ఏరిన గోమార్లని స్పిరిట్ సీసాలో వేసి ఆ అమ్మాయికి పంపితే, డీఎన్ఏ పరీక్ష చేసి ఇవి 'రైపిసెఫాలస్ లిన్నేయి' అని చెప్పింది. లాబ్రడార్ కాగితాల్లో మాత్రం 'రైపిసెఫాలస్ సాంగ్వినియస్' అని ఉంది. 'అంటే వాళ్ల కుక్కని కుట్టింది వేరే జాతి కదా. ఈ రిపోర్టు మీటింగ్‌లో పెట్టనా? వాళ్ల కుక్క మీది గోమార్లకి కూడా టెస్టు చేయించమని పట్టుబట్టనా? చుక్కిని పంపకుండా ఉండే దారి ఏదైనా ఉందా? అమెరికా వీడియోల్లో లైమ్ జబ్బు గురించి చూసినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా బిడ్డకి ఏమైనా ప్రమాదమా?' ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

ముందు ఆ రిపోర్టు సంగతి. దాన్ని మీటింగ్‌లో పెట్టొద్దు. మీ చెల్లెలు పరీక్ష సరిగ్గానే చేసింది. మీరు దానికి చెప్పుకున్న అర్థం మాత్రం నిలవదు. మన ఇళ్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారికి ఇప్పుడు ఈ రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. లాబ్రడార్‌ని చూసిన డాక్టరు పాత పేరు రాశారు, మీ చెల్లెలు కొత్త పేరు చెప్పింది.

ఇలా ఎందుకయ్యిందో కాస్త వివరంగా చెబుతాను. రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. 1806లో లత్రేయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక గోమారిని వర్ణించి 'సాంగ్వినియస్' అని పేరు పెట్టాడు. ఆ వర్ణన మరీ క్లుప్తంగా ఉంది. ఆయన చూసిన అసలు నమూనా తర్వాతి వాళ్లకి దొరకలేదు. దాంతో ప్రపంచంలో ఎక్కడ కుక్క మీద గోధుమరంగు గోమారి కనిపించినా అదే పేరుతో పిలుస్తూ వచ్చారు. డీఎన్ఏ చదవడం వచ్చాక, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే 16ఎస్ లాంటి జన్యువుల ముక్కల్ని దేశదేశాల గోమార్ల నుంచి తీసి పోల్చారు. అప్పుడు ఆ ఒక్క పేరు కింద కనీసం రెండు వంశాలున్నాయని బయటపడింది. ఒకటి చల్లటి ప్రాంతాలది, ఇంకొకటి వేడి ప్రాంతాలది. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా గోమార్లనీ బ్రెజిల్ గోమార్లనీ జత కలిపి చూస్తే, వాటికి పుట్టిన సంతానానికి మళ్లీ పిల్లలు కలగలేదు. పైకి ఒకేలా కనిపించినా అవి వేరు వేరు జాతులని అనుమానించడానికి అది గట్టి కారణం.

2018లో ఫ్రాన్స్‌లో దొరికిన ఒక గోమారిని కొత్త ప్రామాణిక నమూనాగా పెట్టి, సాంగ్వినియస్ అనే పేరుని చల్లటి ప్రాంతాల వంశానికి స్థిరపరిచారు. అప్పుడు మనలాంటి వేడి దేశాల గోమారికి పేరు లేకుండా పోయింది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పాత పుస్తకాలు తిరగేసి, 2021లో దాని పేరు లిన్నేయి అని తేల్చారు. అది ఎప్పుడో 1826లో ఓదువాఁ అనే ఆయన ఈజిప్టు గోమారికి పెట్టిన పేరు. నెపోలియన్ దండయాత్రతో ఈజిప్టు వెళ్లిన సావిన్యీ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి పురుగుల బొమ్మలు ఎంతో శ్రద్ధగా సిద్ధం చేశాడు. తర్వాత ఆయన కంటిచూపు దెబ్బతింది. ఆ బొమ్మలకు వివరణ రాసే పని ఓదువాఁ చేశాడు. రెండు శతాబ్దాల కిందటి ఆ బొమ్మలే ఇవాళ మీ హాల్లోని పురుగుకి పేరు తెచ్చిపెట్టాయి. నాకు ఈ కథంటే చాలా ఇష్టం, అందుకే ఇంత చెప్పాను.

మీ చెల్లెల్ని ఒక మాట అడగండి. ఆమె తన దగ్గరున్న డీఎన్ఏ వరసని అంతర్జాతీయ జెన్‌బ్యాంక్ భాండాగారంలో ఉన్న వరసలతో పోల్చే ఉంటుంది. ఆ ఫలితాల పట్టిక మొత్తం చూపించమనండి. లిన్నేయి పేరుతో పాటు సాంగ్వినియస్ పేరుతో కూడా దాదాపు నూటికి నూరు శాతం కలిసినవి కనిపించే అవకాశం చాలా ఎక్కువ. 2021కి ముందు వేడి దేశాల వాళ్లు తమ గోమార్ల వరసల్ని పాత పేరుతోనే అందులో చేర్చారు. ఆ చీటీలు చాలావాటికి ఇంకా మార్చలేదు. ఇదంతా తెలియకుండా మీరు రిపోర్టు చూపించి, ఆ మర్నాడు ఎవరో వచ్చి 'రెండూ ఒకటేనండీ' అంటే, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ వినరు.

ఇక లాబ్రడార్ మీది గోమార్లకి టెస్టు చేయించడం. చేయించవచ్చు. నా అంచనా ప్రకారం అవీ లిన్నేయి అనే వస్తుంది, వరస కూడా అక్షరం పొల్లుపోకుండా కలవొచ్చు. దాన్ని పట్టుకుని అంకుల్, 'చూశారా, మీ గోమార్లే' అనొచ్చు. అదీ సరైన మాట కాదు. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. ఒక వీధిలో, ఒక్కోసారి ఒక ఊళ్లో కూడా చాలా గోమార్లకి ఒకే వరస ఉంటుంది. పురుగు ఏ జాతిదో ఆ పరీక్ష చెబుతుంది. ఏ గడప దాటి ఏ కుక్క మీద వచ్చిందో చెప్పదు. ఆ లాబ్రడారూ, చుక్కీ పుట్టకముందే మీ వాచ్‌మన్ గది గోడలో అవి ఉండి ఉండొచ్చు. కాబట్టి ఈ టెస్టు మీకు అనుకూలంగా వచ్చినా, వ్యతిరేకంగా వచ్చినా తగాదా తీరదు.

అలాగని మీ చెల్లెలి శ్రమ వృథా కాలేదు. మీకు నిజంగా పనికొచ్చే రెండు సంగతులు ఆ పేరులోనే ఉన్నాయి. ఇది గడ్డిలో, పశువుల మధ్య బతికే రకం కాదనీ, ఇళ్లలో గోడ పగుళ్లలో కాపురం పెట్టే రకమనీ తెలిసింది. అంటే వైద్యం కుక్కతో పాటు ఇంటికి కూడా జరగాలి. రెండోది, ఎర్లికియాని మోసుకెళ్లే శక్తి ఈ వేడి దేశాల వంశానికి బాగా ఉంది. బ్రెజిల్ పరిశోధకులు 2015లో దక్షిణ అమెరికాలోని వేర్వేరు ప్రాంతాల గోమార్లని పోల్చినప్పుడు, వేడి ప్రాంతాల వంశం ఎర్లికియాని కుక్కకి అంటించింది, చల్లటి ప్రాంతాల వంశం అంటించలేకపోయింది. కాబట్టి ఆ జబ్బుని మీరూ అంకులూ ఇద్దరూ సీరియస్‌గా తీసుకోవాల్సిందే.

ఇక్కడ మీకు కాస్త కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. గోమారి డీఎన్ఏ చూపించారు, బాగుంది. చుక్కి రక్తం పరీక్ష చేయించినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఈ ఎర్లికియా సంగతి ఇలా ఉంటుంది. దాన్ని మోసే తల్లి గోమారి నుంచి గుడ్లకు ఆ క్రిమి రాదు. అంటే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల గోమారికి ఎర్లికియా ఉండదు. అది జబ్బున్న ఏదో కుక్క రక్తం తాగి, రాలిపోయి, కుబుసం విడిచి, తర్వాతి దశలో ఇంకో కుక్కని కరిస్తే అప్పుడు అంటుతుంది. మగ గోమార్లైతే ఒక కుక్క మీంచి ఇంకో కుక్క మీదికి మారుతూ కూడా అంటించగలవు. ఎలా చూసినా మధ్యలో జబ్బున్న కుక్క ఒకటి ఉండాలి. అది చుక్కి కావొచ్చు. కింద పార్కింగ్‌లో పడుకునే వీధికుక్కలు కావొచ్చు. ఆ లాబ్రడారే ఎప్పుడో ఎక్కడో అంటించుకుని, ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. ఎందుకంటే గోమారి కరిచాక ఎనిమిది నుంచి ఇరవై రోజుల్లో జబ్బు మొదలవుతుంది. కొన్ని వారాలు జ్వరం ఉండి, దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి కుక్క పైకి మామూలుగానే తిరుగుతుంది. లోపల క్రిమి ఉంటుంది, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి. వీధిలో పుట్టి, గోమార్ల మధ్య పెరిగిన చుక్కి అలాంటి స్థితిలో ఉండే అవకాశాన్ని మీరు కొట్టిపారేయలేరు.

అందుకని ముందు చుక్కికి పూర్తి రక్తపరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క, ఎర్లికియా పరీక్ష చేయించండి. క్లినిక్‌లో అప్పటికప్పుడు చేసే కిట్ టెస్టు యాంటీబాడీలని చూస్తుంది. అది పాజిటివ్ వస్తే చుక్కికి ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి తగిలిందని అర్థం. ఇప్పుడు ఒంట్లో ఉందా లేదా అన్నది రక్తంలో క్రిమి డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష బాగా చెబుతుంది. పాజిటివ్ వస్తే భయపడొద్దు. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందు, సాధారణంగా 28 రోజులు వాడతారు. తొందరగా పట్టుకుంటే చాలా కుక్కలు చక్కగా కోలుకుంటాయి. మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లోనే హుషారు వస్తుంది, అది చూసి మధ్యలో ఆపేయకూడదు. నెగటివ్ వస్తే, ఆ కాగితానికి మీటింగ్‌లో గోమారి పేరుకన్నా ఎక్కువ విలువ ఉంటుంది. పాజిటివ్ వస్తే కూడా మీరే ముందుగా అంకుల్‌కి చెప్పండి. 'మా దానికీ ఉందండీ, వైద్యం చేయిస్తున్నాం' అన్న మనిషి మీద ఎక్కువ రోజులు కోపం పెట్టుకోవడం కష్టం.

ఇప్పుడు క్యాలెండర్ వెనక మీరు చూసిన బారు దగ్గరికి వద్దాం. ఎన్నిసార్లు స్నానం చేయించినా అవి ఎందుకు తిరిగొస్తున్నాయో ఆ గోడే చెబుతోంది. ఈ గోమారి జీవితంలో మూడుసార్లు కడుపు నిండా రక్తం తాగుతుంది. ఆరు కాళ్ల పిల్లగా ఒకసారి, ఎనిమిది కాళ్లు వచ్చాక పెద్దదయ్యేలోపు ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి. తాగిన ప్రతిసారీ కుక్క మీంచి రాలిపోయి, పైకి పాకి ఎక్కడో సందులో దాక్కుంటుంది. ద్వారబంధం పగుళ్లు, స్విచ్‌బోర్డు అంచులు, ఫొటో ఫ్రేముల వెనకలు, సీలింగు మూలలు దానికి ఇష్టమైన చోట్లు. కడుపు నిండిన ఆడ గోమారి బూడిద నీలం రంగులో, సెంటీమీటరు పొడవున ఉబ్బిపోయి ఉంటుంది. అది ఆ సందులోనే 4,000 దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కుక్క ఒంటి మీద ఉండేది ఒక్కో దశలో కొన్ని రోజులే. మిగతా బతుకంతా గోడలోనే. మీరు స్నానం చేయించిన రోజున చుక్కి మీద ఉన్నవి చచ్చాయి, గోడలో ఉన్నవాటికి ఆ సంగతే తెలీదు.

మళ్లీ బారు కనిపిస్తే ఒక పారదర్శకమైన టేపు ముక్కతో కొన్నింటిని పట్టి, ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి కాళ్లు లెక్కపెట్టమని మీవారికి చెప్పండి. ఆరు కాళ్లుంటే అవి మీ హాల్లోనే పెట్టిన గుడ్లలోంచి వచ్చినవి. అంటే ఇంకా అక్కడ చాలా ఉన్నాయి. ఆ పగులుని శుభ్రం చేసి పుట్టీతో పూడ్చాలి. తల ఎలా ఉందో చూడగలిగితే ఇంకా మంచిది. పైనుంచి చూస్తే నోటి మొదలు ఆరు పలకలుగా ఉండటం ఈ జాతి గుర్తు. ఇలాంటి గుర్తింపుకి డీఎన్ఏ దాకా పోనక్కర్లేదు. గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడి పరాన్నజీవుల విభాగంలో మైక్రోస్కోపు కింద చూసి చెప్పగలరు. లిన్నేయినీ సాంగ్వినియస్‌నీ విడదీయడం మాత్రం మైక్రోస్కోపుకి కూడా కష్టమే. దానికి డీఎన్ఏ నమ్మకమైన దారి.

ఇది తెలిశాక, చుక్కిని నూజివీడు పంపితే ఏమవుతుందో మీరే ఊహించగలరు. కుక్క పోతుంది, గోడలో గోమార్లు ఉంటాయి. పెద్ద గోమార్లు తిండి లేకుండా చాలా నెలలు, పరిస్థితులు అనుకూలిస్తే ఏడాది దాటినా బతకగలవు. ఆకలి మీదున్నవి ముందు ఎదురింటి లాబ్రడార్‌ని వెతుక్కుంటాయి. అది అందకపోతే మనుషుల మీదికి వస్తాయి. మామూలుగా వీటికి కుక్కే ఇష్టం. ఎండ పెరిగితే ఆ ఇష్టం మారుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2020లో చూపించారు. రెండు పెట్టెల్లో ఒకదాంట్లో కుక్కనీ ఇంకోదాంట్లో మనిషినీ ఉంచి, మధ్య గొట్టంలో గోమార్లని వదిలారు. 23 డిగ్రీల దగ్గర కుక్క వైపు నడిచినవే, 38 డిగ్రీల దగ్గర మనిషి వైపు మళ్లడం ఎక్కువైంది. మన వేడి దేశాల వంశంలో ఆ మార్పు మరీ స్పష్టంగా కనిపించింది. విజయవాడ మే నెల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి మీ అత్తగారి భయం న్యాయమైనదే అయినా, ఆవిడ చెప్పే ఉపాయం ఆ భయాన్ని తగ్గించదు. పైగా చుక్కి తనతో కొన్నింటిని తోటకి మోసుకెళుతుంది. అక్కడ పశువుల దగ్గర, గడ్డిలో ఉండే హీమాఫైసాలిస్ లాంటి వేరే రకం గోమార్లు దానికి పట్టొచ్చు. ఎవరూ రోజూ చూసుకోని చోట జబ్బు చేస్తే కనిపెట్టేవాళ్లు ఉండరు.

ఇదే మాట మీ అత్తగారికి మీరు కాకుండా డాక్టరు చెప్పేలా చూడండి. క్లినిక్‌కి ఆవిడని కూడా వెంట తీసుకెళ్లండి. పశువులతో బతికిన మనిషి, పిడుదుల సంగతి ఆవిడకి తెలుసు. పశువులకు ఎక్కువగా పట్టే రకం ఒక్క పశువు మీదే మూడు దశలూ గడిపేస్తుంది, అందుకే అక్కడ పశువుకి మందు పూస్తే చాలావరకు సరిపోతుంది. ఇది అలా కాదని వివరంగా చెబితే ఆవిడ ఇట్టే పట్టుకుంటారు.

మీ ముందున్న రెండో దారి, ఎవరితో మాట్లాడకుండా మీ ఇల్లూ మీ కుక్కా మాత్రం చూసుకోవడం. గొడవ ఉండదు. డాక్టరు సలహాతో చుక్కికి ఫ్లూరాలనర్ లేదా అఫాక్సోలనర్ లాంటి నోటి మాత్ర వేయిస్తే, దాని రక్తం తాగిన గోమార్లు గంటల్లో చస్తాయి. మొదటిది సుమారు మూడు నెలలు, రెండోది నెల రోజులు పనిచేస్తాయి. ఇంతకుముందు చుక్కికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఈ మాత్రలతో ఒక ఇబ్బంది ఉంది. గోమారి కరిచాకే చస్తుంది. ఎర్లికియా అంటడానికి మూడు గంటలు కూడా చాలు. అందుకే గోమార్లు ఎక్కువగా ఉన్నచోట వాటిని ఒంటి మీదికి రానివ్వని కాలర్ కూడా కలిపి వాడమంటారు. ఇదంతా మీరు చేసినా, మెట్ల మీదా లిఫ్టు దగ్గరా ఎదురింట్లోనూ ఉన్నవి మళ్లీ వస్తూనే ఉంటాయి. ఖర్చు కొనసాగుతుంది, నింద కూడా అలాగే ఉంటుంది.

నాకు నచ్చే దారి మూడోది. కష్టమైనదే, అందరూ కలిస్తే గానీ జరగదు. మీ రెండు కుక్కలకూ, బిల్డింగులో ఇంకా ఉంటే వాటికీ ఒకే వారంలో మందు వేయించడం. మెట్లు, పార్కింగ్, వాచ్‌మన్ గది, రెండు ఫ్లాట్లు ఒకేసారి పెస్ట్ కంట్రోల్ చేయించడం. కింద వీధికుక్కలకి అన్నం పెట్టేవాళ్లుంటే వాటినీ ఇందులో కలపడం. ఒక్కసారితో అయిపోదు. గుడ్లలోంచి, సందుల్లోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి మూడు నాలుగు నెలలు పట్టుబట్టాలి. ప్రతిసారీ ఒకే రకం మందు కొడుతూ పోతే లొంగని గోమార్లు తయారవుతాయి. పైరెత్రాయిడ్ రకం మందులకి ఇవి అలవాటుపడటం చాలా దేశాల్లో చూశారు. పెస్ట్ కంట్రోల్ వాళ్లని ఏ మందు కొడుతున్నారో అడిగి రాసుకోండి. బిల్డింగులో పిల్లులుంటే ముందే చెప్పండి, డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ లాంటివి వాటికి విషం.

డబ్బు విషయం జాగ్రత్తగా ఆలోచించండి. లాబ్రడార్ వైద్యం ఖర్చు మొత్తం మీరు కడితే గొడవ తాత్కాలికంగా సద్దుమణుగుతుంది. కానీ తప్పు ఒప్పుకున్నారనే అందరూ అనుకుంటారు, రేపు ఇంకో కుక్కకి జ్వరం వచ్చినా మీ తలుపే తడతారు. అసలేమీ ఇవ్వనని మొండికేస్తే అంకుల్‌తో సంబంధం పూర్తిగా తెగిపోవచ్చు. పెస్ట్ కంట్రోల్ ఖర్చులో మీ వాటాకన్నా కొంచెం ఎక్కువ భరిస్తానని ముందుకొస్తే, అది నష్టపరిహారంలా కాకుండా బిల్డింగు పనిలా ఉంటుంది. నేనైతే ఈ మాట మీటింగ్‌లో చెప్పను, ముందు ఆయన ఇంటికెళ్లి ఆంటీ ఉన్నప్పుడు మాట్లాడతాను. ముక్కులోంచి రక్తం కారుతున్న కుక్కని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చున్న మనిషి కోపంలో ఏదో అన్నారు. ముందు ఆ కుక్క ఎలా ఉందో అడగండి.

కుక్కని బలవంతంగా తీసేయించే అధికారం అసోసియేషన్‌కి లేదు. మెజారిటీ ఓటు ఉన్నా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఇది మీ చేతిలో ఉంచుకోండి. మొదటే బయటికి తీస్తే మాటలు ఆగిపోయి కాగితాలు మొదలవుతాయి.

మీ బిడ్డ గురించి. లైమ్ జబ్బుని మోసేవి ఇక్సోడిస్ అనే వేరే జాతి గోమార్లు. మీ గోడ మీదున్నవి దాన్ని అంటించవు. ఈ ఒక్క విషయంలో మీ చెల్లెలి రిపోర్టు మీకు మంచి ధైర్యం ఇవ్వాలి. కుక్కల ఎర్లికియా చుక్కిని ముట్టుకుంటేనో, పక్కన పడుకుంటేనో మీకు రాదు. జాగ్రత్తగా ఉండాల్సింది ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం విషయంలో. అది రికెట్సియా క్రిమి వల్ల వస్తుంది, కుక్కల గోమార్లు దాన్ని మోయగలవు. మీకు గానీ ఇంట్లో ఎవరికి గానీ జ్వరం, గట్టి తలనొప్పి, ఒంటి మీద ఎర్రటి మచ్చలు వస్తే, ఇంట్లో గోమార్లున్నాయని డాక్టరుకి మొదటి మాటలోనే చెప్పండి. ఆ మాట చెబితే వాళ్లు ఆ దిక్కుగా ఆలోచిస్తారు. గర్భిణికి మందుల ఎంపిక వేరుగా ఉంటుంది కాబట్టి సొంతంగా ఏదీ వాడొద్దు. మీ గైనకాలజిస్టుకి ఈ సంగతంతా ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇక నుంచి గోమార్లు ఏరే పని, మందు స్నానం చేయించే పని మీవారిది. అమిట్రాజ్, డెల్టామెత్రిన్ కలిపిన నీళ్ల దగ్గరికి మీరు రావద్దు. మందు కొట్టే రోజు చుక్కితో సహా మీ అమ్మగారింటికి వెళ్లి, ఇల్లు బాగా గాలాడాక రండి. వెళ్లే ముందు చుక్కి ఒంటి మీద గోమార్లు లేకుండా చూసుకోండి. ఏరేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకుని, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. వేళ్లతో నలపడం, అగ్గిపుల్ల పెట్టడం, కిరోసిన్ పొయ్యడం వద్దు. తీసినవాటిని స్పిరిట్‌లో వేస్తే చాలు.

మీవారు మీటింగ్‌లో మాట్లాడలేదని మీరు బాధపడ్డారు. ఆయన అందరి మధ్య నోరు విప్పలేని మనిషి కావొచ్చు, లేదా ఆయనకీ చుక్కిని పంపేస్తే మేలనిపిస్తూ ఉండొచ్చు. రెండింటిలో ఏదో మీరు అడిగి తెలుసుకోవాలి. మొదటిదైతే ఆయనకి పని అప్పజెప్పండి, అంకుల్‌ ఇంటికి మీతో పాటు రమ్మనండి. రెండోదైతే బిడ్డ పుట్టాక చుక్కి ఎక్కడ పడుకోవాలి, ఎవరు చూసుకోవాలి అన్న మాటలు ఇప్పుడే మాట్లాడుకోవాలి. నాలుగు నెలలు మందు సరిగ్గా వాడి, అప్పటికీ గోమార్లు తగ్గకపోతే, చుక్కిని కొన్నాళ్లు మీ అమ్మగారింట్లో ఉంచడం గురించి కూడా ఆలోచించవచ్చు. అది వైద్యం పూర్తయ్యి, ఒంటి మీద గోమార్లు లేకుండా పంపడం కాబట్టి నూజివీడు తోటలో వదిలేయడంతో సమానం కాదు.

ఒక్క సంగతి మర్చిపోవద్దు. లాబ్రడార్‌కి పని చేసింది కదా అని మందుల షాపులో డాక్సీసైక్లిన్ కొని చుక్కికి ముందే వేసేయకండి. రెండు మూడు డోసులు పడ్డాక రక్తం తీస్తే పీసీఆర్‌లో క్రిమి కనిపించకపోవచ్చు, అప్పుడు మీకు ఏ సంగతీ తేలదు. ముందు రక్తం ఇవ్వండి, తర్వాతే మాత్ర. మీ చెల్లెలి దగ్గర ఆ సీసాలో గోమార్లు ఇంకా మిగిలి ఉంటే పారేయొద్దని చెప్పండి. చుక్కి రక్తం పాజిటివ్ వస్తే, వాటిలో కూడా ఎర్లికియా ఉందేమో ఆ అమ్మాయి అదే డీఎన్ఏలో చూడగలదు.